కుంగిన కారు డోరు, బళ్ళారి చౌరస్తా లేత్ షాపు: 400 రూపాయల పని

కర్నూలులో పాత కారు ఉండి, డోరు కిందికి దిగిపోయి, వేసేటప్పుడు పైకి ఎత్తి గట్టిగా కొడితే తప్ప పడట్లేదు అనేవాళ్ళ కోసం రాస్తున్నా. ఈ పనిలో సగం ఇంటి దగ్గర మనమే చేసుకోవచ్చు, మిగతా సగం ఒక మంచి లేత్ షాపు చేసిపెడుతుంది. నేను పని చేయించుకున్న షాపు బళ్ళారి చౌరస్తా దగ్గర ఒక సందులో ఉంది. బోర్డు రంగు వెలిసిపోయి లేత్ వర్క్స్ అన్న మాట ఒక్కటే కనిపిస్తుంది, లోపల ఒక పెద్దాయన, ఒక కుర్రాడు, అంతే.

మా బండి 2006 మోడల్, ఎడమ ముందు డోరు. మా నాయనకు మోకాళ్ళ నొప్పులు, దిగేటప్పుడు తెరిచిన డోరు అంచును రెండు చేతులా పట్టుకుని ఒంటి బరువంతా దానిమీద వేసి లేస్తాడు. ఏళ్ళ తరబడి అదే అలవాటు. డోరు బరువు కీళ్ళకు అటుపక్కన వేలాడుతూ ఉంటుంది కదా, అది పై కీలును బయటికి లాగుతుంది, కింది కీలును లోపలికి నెడుతుంది. దానికి తోడు కీలుకు దూరంగా ఉండే అంచు మీద మనిషి బరువు పడితే కీలు మధ్యలో ఉండే ఏ పిన్ను మాత్రం తట్టుకుంటుంది. కిందటి ఎండాకాలం నుంచి డోరు కింది అంచు గడపకు రాసుకుని పెయింట్ పోయింది, కిటికీ పైనుంచి దుమ్ము లోపలికి వస్తోంది. అన్నిటికన్నా నాకు బాధ అనిపించింది ఏమిటంటే, మూడుసార్లు కొట్టినా డోరు పడకపోతే మా నాయన నా వల్లే పాడైంది అని చిన్నబుచ్చుకునేవాడు.

మొదట ఒక టింకరింగ్ షెడ్డుకు తీసుకుపోయాను. వాళ్ళు కీలు జోలికే పోకుండా, లాక్ పడే కొక్కెం ఉంటుంది చూడండి, స్ట్రైకర్ అంటారు, దాన్ని వదులు చేసి కిందికి జరిపి బిగించారు. డోరు పడింది, 300 తీసుకున్నారు, రెండు నెలలకు మళ్ళీ మొదటికొచ్చింది. ఇంకో చోట డోరు కింద కట్టె పెట్టి ఒక్క ఊపున పైకి ఎత్తి కీలునే వంచుతామన్నారు, నేను ఒప్పుకోలేదు. అరిగిన పిన్ను అరిగినట్టే ఉండగా కీలు వంచితే ఇవాళ సరిపోయినట్టు కనిపిస్తుంది గానీ ఆ లూజు ఎక్కడికీ పోదు.

మీ బండికి ఏమైందో ముందు చూసుకోండి, రెండు నిమిషాల పని. డోరు సగం తెరిచి, లాక్ ఉండే వైపు అంచు కింద చేతులు వేసి పైకి ఎత్తండి, ఇంకొకరిని కీలు అతుకు మీద వేలు పెట్టి చూడమనండి. వేలి కింద టక్ మని కదిలితే పిన్ను, దాని చుట్టూ గొట్టం లాంటి తొడుగు ఉంటుంది, బుష్ అంటారు, అవి అరిగినట్టు. అతుకు కదలకుండా కీలు మొత్తం బాడీ మీద కదిలితే బోల్టులు లూజు, స్పానర్‌తో పోతుంది. బోల్టుల చుట్టూ రేకే చిట్లి ఉంటే మాత్రం ఇంటి దగ్గర చేయకండి, దానికి వెల్డింగ్ కావాలి.

మాది మొదటి రకం. ఆదివారం ఎండ ముదరకముందే, పొద్దున ఏడింటికి మొదలుపెట్టాం, నేను, మా బామ్మర్ది. ఒక్కరే చేసే పని కాదు, డోరు జారితే కాళ్ళ మీద పడుతుంది. బ్యాటరీ వైరు తీసేశాం, డోరు కింద జాకీ, దానిపైన చెక్క, చెక్క మీద పాత టవలు. బోల్టులు వదులు చేసే ముందు కీలు చుట్టూ మార్కర్‌తో గీత గీసుకున్నాం, ఇది మర్చిపోతే తర్వాత మళ్ళీ అదే చోట కూర్చోబెట్టడానికి చుక్కలు కనిపిస్తాయి. తెరిచినప్పుడు డోరును ఆపే పట్టీ పిన్ను కొట్టి, స్పీకర్ వైరు ఊడదీసి, డోరును మంచం మీద దుప్పటి పరిచి పడుకోబెట్టాం.

పై కీలు తీసుకుని షాపుకు పోతే పెద్దాయన ప్రెస్సులో పెట్టి పిన్ను బయటికి నెట్టి నా అరచేతిలో పెట్టాడు. రెండు చివర్లా బాగానే ఉంది, మధ్యలో నడుము సన్నబడి ఒక పక్క మెరుస్తోంది. మందం కొలిచే వర్నియర్ పెడితే 8 మిల్లీమీటర్ల పిన్ను అక్కడ 7.2 చూపించింది. నేను కొత్త పిన్ను ఒక్కటే చేయమంటే ఒప్పుకోలేదు. "చూడప్పా, బొక్క కోడిగుడ్డు లెక్క అయింది. కొత్త పిన్ను వేస్తే నెలకే మళ్ళీ వస్తావు. గుండ్రంగా బోరు కొట్టి ఇత్తడి బుష్ వేయాల" అన్నాడు. అక్కడే నాకు నమ్మకం కుదిరింది. ఇత్తడి ఉక్కు కన్నా మెత్తన కాబట్టి ఇక అరిగేది బుష్, దాన్ని మార్చుకోవచ్చు, కీలు మిగులుతుంది.

రెండు బుష్‌లు, ఒక చివర తల, రెండో చివర సర్‌క్లిప్ (పిన్ను జారకుండా పట్టే రింగు) గాడి ఉన్న పిన్ను, బోరు కొట్టిన కూలి, అన్నీ కలిపి 400. పని చాలా నీటుగా ఉంది, కీలు చేత్తో తిప్పితే మెత్తగా తిరుగుతోంది, పక్కకు ఊపితే చప్పుడు లేదు. లోపాలూ చెప్పాలి. సాయంత్రానికి ఇస్తానని మర్నాడు మధ్యాహ్నం ఇచ్చాడు, ఆ రాత్రంతా బండి డోరు లేకుండా టార్పాలిన్ కప్పుకుని వాకిట్లో ఉంది. బిల్లు ఇవ్వడు. ఫోన్ చేస్తే లేత్ చప్పుడులో వినపడదు, నేరుగా పోవాల్సిందే.

బిగించేటప్పుడు ఓపిక కావాలి. పిన్నుకు గ్రీజు పూసి, కీలు బోల్టులు చేత్తో మాత్రం బిగించి, జాకీని కొద్దికొద్దిగా లేపుతూ ముందు డోరు మీది గీత వెనక డోరు గీతతో కలిసేదాకా చూశాం. సందు పైనా కిందా ఒకేలా ఉండాలని అట్టముక్కలు మడిచి పెట్టాం. అంతా సరిపోయాకే స్పానర్. స్ట్రైకర్‌ను అన్నిటికన్నా చివర ముట్టుకోండి. మాకైతే కంపెనీ బిగించిన పాత అచ్చు పెయింట్ మీద కనిపిస్తోంది, షెడ్డువాళ్ళు కిందికి దించిన దాన్ని మళ్ళీ ఆ అచ్చులోకి జరిపితే సరిగ్గా కూర్చుంది.

ఇప్పుడు డోరు వేలితో నెడితే పడుతోంది. మా నాయనకు డోరు పట్టుకోవద్దని చెప్పలేదు, లేచేటప్పుడు ఆసరా ఏదో ఒకటి కావాలి కదా. డోరు మీద కాదు, దానికి పైన కారు కప్పుకు లోపలి వైపు పట్టుకునే హ్యాండిల్ ఒకటి బిగించాను, మొదటి రోజు నుంచే దానికి అలవాటు పడ్డాడు.

కింది కీలు కూడా కొంచెం కదులుతోంది, వచ్చే నెల అదే పెద్దాయన దగ్గరికి. మీరు పోతే పాత పిన్ను పారేయకుండా, కీలు రెండు ముక్కలూ తీసుకుని పొద్దున్నే పోండి, మధ్యాహ్నం దాటితే ట్రాక్టర్ పనులు వచ్చి మనది వెనకబడుతుంది.