పెన్‌డ్రైవ్‌లో పప్పీ లినక్స్: ఏళ్ల వాడకం తర్వాత

పెన్‌డ్రైవ్ నుంచి కూడా నడిచే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ పప్పీ లినక్స్. దాని గురించి రాసేవాళ్లంతా ముందు స్పీడ్ సంగతే ఎత్తుకుంటారు. స్పీడ్ నిజమే, కాదనను. కానీ రోజూ వాడేవాళ్లకి అది పనికొస్తుందా లేదా అన్నది తేలేది వేరే చోట. మనం చేసిన పనిని అది పెన్‌డ్రైవ్ మీద ఎప్పుడు రాస్తోంది, ఎలా రాస్తోంది అన్నది తెలిస్తే చిన్న పెన్‌డ్రైవ్‌తో హాయిగా ఏళ్లు గడిచిపోతాయి, తెలియకపోతే వారం తిరక్కుండానే విసుగొచ్చి పక్కన పడేస్తారు.

నేను వాడేది హార్డ్‌డిస్క్ పోయిన పాత ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్. కొత్త డిస్క్ వేయించకుండా 16 జీబీ పెన్‌డ్రైవ్ పెట్టి ఫోసాపప్64 9.5 అనే పప్పీ వెర్షన్‌తో మొదలుపెట్టాను, ఇప్పుడు బుక్‌వర్మ్‌పప్64 అనే ఇంకో వెర్షన్ మీద ఉన్నాను. రాసుకోవడం, మెయిల్, నెట్‌లో చదువుకోవడం, అప్పుడప్పుడు కాస్త పైథాన్, అంతే నా పని. వీడియో ఎడిటింగ్, గేమ్స్ గురించి అడగొద్దు, నాకు తెలీదు.

పప్పీని 2003లో ఆస్ట్రేలియాకి చెందిన బారీ కౌలర్ మొదలుపెట్టారు. పప్పీ అన్నది ఆయన పెంచుకున్న చివావా కుక్క పేరు. ఇప్పుడిది ఒక్క సిస్టమ్ కాదు. వేరే లినక్స్‌లైన ఉబుంటు ప్యాకేజీలతో కట్టినవి, డెబియన్‌తో కట్టినవి, స్లాక్‌వేర్‌తో కట్టినవి వేర్వేరుగా ఉంటాయి. ఫోసాపప్ ఐఎస్ఓ, అంటే డౌన్‌లోడ్ చేసుకునే ఫైల్, 400 ఎంబీ చిల్లర, బుక్‌వర్మ్‌పప్ దానికంటే పెద్దది కానీ అందులో ప్రోగ్రాములు వేసుకునే ఆప్ట్, సినాప్టిక్ మామూలుగా పనిచేస్తాయి. నేను మారడానికి సగం కారణం అదే, ఎందుకంటే పాత పప్పీ ప్యాకేజ్ మేనేజర్ డిపెండెన్సీల దగ్గర, అంటే ఒక ప్రోగ్రాముకి కావాల్సిన వేరే ప్యాకేజీల దగ్గర, తరచూ మొండికేసేది.

ఇక అసలు విషయం. సిస్టమ్ మొత్తం ఎస్ఎఫ్ఎస్ అనే కంప్రెస్ చేసిన ఫైళ్లలో ఉంటుంది, వాటిని మార్చలేం, చదవడం మాత్రమే. ర్యామ్ సరిపడా ఉంటే బూట్ అయ్యేటప్పుడే వాటిని ర్యామ్‌లోకి ఎక్కించుకుంటుంది. మనం చేసే మార్పులన్నీ పైన ఇంకో పొరలో పడతాయి, అచ్చు పేజీ మీద పారదర్శకమైన కాగితం పరిచి దాని మీద రాసుకున్నట్టు. పెన్‌డ్రైవ్ నుంచి నడిపితే ఆ పై పొర కూడా ముందు ర్యామ్‌లోనే ఉంటుంది, తర్వాత అప్పుడప్పుడు పెన్‌డ్రైవ్ మీదున్న సేవ్ ఫైల్‌లోకో సేవ్ ఫోల్డర్‌లోకో దిగుతుంది. అందుకే పెన్‌డ్రైవ్ ఎంత నెమ్మదిదైనా ఆ ప్రభావం బూట్ అయ్యేటప్పుడు, సేవ్ చేసేటప్పుడు మాత్రమే తెలుస్తుంది, యూఎస్‌బీ 2.0 పోర్టు అయితే ఆ కాసేపు ఓపిక పట్టాలి. ఆ తర్వాత అప్లికేషన్లు తెరుచుకునే తీరు చూస్తే ఇది అదే పాత మెషీనా అనిపిస్తుంది.

తిరకాసు ఆ "అప్పుడప్పుడు" దగ్గరే. మామూలు సెట్టింగ్‌లో ప్రతి 30 నిమిషాలకీ తనంతట తనే సేవ్ చేస్తుంది. చౌక పెన్‌డ్రైవ్‌లు పెద్ద ఫైల్ ఒకటి రాయమంటే పర్వాలేదు గానీ, వేల కొద్దీ చిన్న చిన్న ఫైళ్లు రాయమంటే చేతులెత్తేస్తాయి. బ్రౌజర్ క్యాష్, అంటే చూసిన పేజీల నుంచి అది దాచుకునేది, చిన్న ఫైళ్ల గుట్ట. దాంతో సరిగ్గా ఏదో టైప్ చేస్తున్నప్పుడు మెషీన్ బిగుసుకుపోతుంది, మౌస్ కదలదు, హ్యాంగ్ అయిందేమోనని టెన్షన్. పప్పీ స్లో అని తిట్టుకునేవాళ్లలో చాలామంది తిడుతున్నది నిజానికి దీన్నే. పప్పీ సెట్టింగుల్లో ఈవెంట్ మేనేజర్‌లోకి వెళ్లి ఆ 30ని సున్నా చేసేయండి. ఇక మీరు డెస్క్‌టాప్ మీద సేవ్ బటన్ నొక్కినప్పుడే రాస్తుంది, షట్‌డౌన్ చేసేటప్పుడు సేవ్ చేయాలా అని అడిగేలా కూడా పెట్టుకోవచ్చు. ఫైర్‌ఫాక్స్‌లో డిస్క్ క్యాష్ కూడా ఆపేయండి. ఈ రెండూ చేశాక బిగుసుకుపోవడం పోయింది, పెన్‌డ్రైవ్ మీద రాతలు తగ్గాయి కాబట్టి దాని ఆయుష్షుకీ మంచిదే. కరెంటు పోయి బ్యాటరీ కూడా దిగిపోతే చివరి సేవ్ తర్వాత చేసినదంతా పోతుంది, అది మాత్రం గుర్తుండాలి.

నాకు బాగా నచ్చింది కూడా ఇక్కడే ఉంది. ఏదో కొత్త ప్యాకేజీ పెట్టి సిస్టమ్ పాడైందనుకోండి, సేవ్ చేయకుండా రీబూట్ చేస్తే చాలు, ఏమీ జరగనట్టే పాత స్థితి. సేవ్ ఫైలే చెడిపోతే బూట్ మెనూలో పీఫిక్స్=ర్యామ్ అని ఇస్తే దాన్ని ముట్టుకోకుండా శుభ్రంగా లేస్తుంది, అక్కడి నుంచి బ్యాకప్ కాపీ తెచ్చి పెట్టుకోవచ్చు. బ్యాకప్ అంటే ఆ ఒక్క సేవ్ ఫైల్‌నో సేవ్ ఫోల్డర్‌నో కాపీ చేసుకోవడమే. ఇంత తేలికగా కోలుకునే సిస్టమ్ నేను ఇంకోటి వాడలేదు.

బూట్ అయ్యాక పెన్‌డ్రైవ్ పీకేసి జేబులో వేసుకోవచ్చని చాలాచోట్ల చదివి ఉంటారు. సగమే నిజం. సేవ్ లేకుండా నడుపుతూ, ఫైళ్లన్నీ ర్యామ్‌లోకి ఎక్కాక అయితే పీకొచ్చు. సేవ్ ఫైల్ వాడుతున్నప్పుడు అది పెన్‌డ్రైవ్ మీద తెరిచే ఉంటుంది, పీకితే అంతే సంగతులు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఐఎస్ఓని పెన్‌డ్రైవ్ మీద నేరుగా దించేస్తే బూట్ అవుతుంది గానీ ఐఎస్ఓ దిగిన భాగంలో మళ్లీ ఏమీ రాయలేం. నేను దాన్ని అలా ఒక్కసారి లేపడానికే వాడి, అందులోని ఫ్రూగల్‌పప్ అనే ఇన్‌స్టాలర్‌తో రెండో పెన్‌డ్రైవ్ తయారుచేసుకున్నాను. బూట్ కోసం చిన్న ఫ్యాట్32 భాగం, మిగతాదంతా లినక్స్ వాడే ఎక్స్‌టీ4 ఫార్మాట్. ఫ్యాట్32 మీదే సేవ్ పెడితే ఫైల్ 4 జీబీ దాటదు, సేవ్ ఫోల్డర్ పెట్టే వీలూ ఉండదు. ఎక్స్‌టీ4 అయితే సేవ్ ఫోల్డర్ పెట్టుకుని సైజు గొడవ మర్చిపోవచ్చు. కొన్ని మెషీన్లలో బయాస్ సెట్టింగుల్లో సెక్యూర్ బూట్ ఆపితే గానీ పప్పీ లేవదు.

తెలుగు మొదట్లో డబ్బాలుగా కనిపించింది. లోహిత్ తెలుగు ఫాంట్ తెచ్చి ఫాంట్స్ ఫోల్డర్‌లో వేస్తే సరి. టైపింగ్‌కి కీబోర్డు సెట్టింగ్‌లో తెలుగు లేఅవుట్ ఎంచుకుంటే ఇన్‌స్క్రిప్ట్ అనే కీల అమరిక వస్తుంది.

ఎవరేం చెప్పినా పాత మెషీన్‌ని చంపేది బ్రౌజరే. పప్పీ తన వంతు కొద్ది వందల ఎంబీతో సరిపెట్టుకుంటుంది, బ్రౌజర్‌లో ట్యాబులు పెరిగే కొద్దీ 4 జీబీ కూడా చాలదు. అందులోనూ సిస్టమ్ ఫైళ్లు ర్యామ్‌లోనే కూర్చుని ఉంటాయి కదా. 32-బిట్ మెషీన్ అయితే పరిస్థితి ఇంకా కష్టం. క్రోమ్ 2016లోనే 32-బిట్ లినక్స్‌ని వదిలేసింది, ఫైర్‌ఫాక్స్ 144వ వెర్షన్ తర్వాత మానేసింది. పప్పీ ఎంత తేలికైనా దానికి ఇది చేయగలిగిందేమీ లేదు.

పప్పీ రూట్‌గా, అంటే అన్ని అధికారాలున్న యూజర్‌గా, నడుస్తుంది కదా, ప్రమాదం కాదా అంటారు. ఆ విమర్శలో పస ఉంది. బ్రౌజర్‌ని స్పాట్ అనే మామూలు యూజర్‌తో నడిపే ఏర్పాటు ఉంది, అది వాడకుండా నెట్‌లోకి వెళ్లను. ఒక్కడే వాడుకునే మెషీన్ కాబట్టి నాకు సరిపోయింది, పదిమంది కూర్చునే కంప్యూటర్‌కి మాత్రం వద్దంటాను. అదే రూట్ వల్ల వేరేవాళ్ల విండోస్ లేవనప్పుడు వాళ్ల ఫైళ్లు బయటికి తీయడం చిటికెలో పని, డిస్క్‌కి బిట్‌లాకర్ అనే విండోస్ తాళం ఉంటే మాత్రం వాళ్లని రికవరీ కీ అడగాల్సిందే. విండోస్ ఫాస్ట్ స్టార్టప్‌తో, అంటే పూర్తిగా షట్‌డౌన్ కాకుండా, ఆగి ఉంటే ఆ డిస్క్ చదవడానికి మాత్రమే వస్తుంది, బలవంతంగా రాయబోకండి.

వెర్షన్ మారేటప్పుడు పాత సేవ్ ఫోల్డర్ కొత్త పప్పీకి పనికిరాదు, ఫోసా ఉబుంటు మీద కట్టింది, బుక్‌వర్మ్ డెబియన్ మీద. అందుకే నా డాక్యుమెంట్లు, ఫొటోలు సేవ్ ఫోల్డర్‌లో పెట్టను, పక్కనే విడి ఫోల్డర్ ఉంటుంది. మారినప్పుడు ప్రోగ్రాములు మళ్లీ వేసుకోవడానికి ఒక సాయంత్రం పట్టింది, ఫైళ్లు మాత్రం కదపాల్సిన పనే రాలేదు.