జిగ్ తలలు, మెత్తటి తోకలు: మూడు సరస్సుల బాస్ వేట

బాస్ (అమెరికా మంచినీటి చేప) వేటకు ఎక్కడికెళ్లాలి, ఎక్కడ దిగాలి అని అడిగేవాళ్లను నేను ముందు అడిగేది ఒకటే: జిగ్‌తో (గాలానికి బరువైన లోహపు తల, దాని చుట్టూ కుచ్చు ఉండే ఎరతో) పడతారా, ఇంకేదైనానా? జిగ్ అయితే సరస్సు పేరు కన్నా దాని అడుగున ఏముందన్నది ముఖ్యం. మొద్దులున్నాయా, నాచు ఉందా, కంకర ఉందా అన్నదాన్ని బట్టి జిగ్ తల ఆకారం మారుతుంది. నీళ్లు ఎంత వెచ్చగా ఉన్నాయన్నదాన్ని బట్టి దాని వెనక తగిలించే ట్రైలర్, అంటే మెత్తటి ప్లాస్టిక్ తోక, మారుతుంది. బస, గైడు, బోటు మనల్ని ఆ నేల దగ్గరికి ఎంత బాగా చేర్చాయో చూసి నేను మార్కులు వేస్తాను. టెక్సస్‌లో లేక్ ఫోర్క్, అలబామాలో గంటర్స్‌విల్, మిస్సోరీలో టేబుల్ రాక్ మా బావా నేనూ కలిసి తిరిగినవే. ఒకదాని నేలకూ ఇంకోదాని నేలకూ పోలిక లేదు.

లేక్ ఫోర్క్‌తో మొదలుపెడతాను. డాలస్ నుంచి తూర్పుగా గంటన్నర ప్రయాణం. 1980లో ఆనకట్ట కట్టి నీళ్లు నింపడం మొదలుపెట్టినప్పుడు చెట్లను చాలా చోట్ల కొట్టకుండా అలాగే వదిలేశారు. దాదాపు 27,000 ఎకరాల నీళ్లలో ఇప్పటికీ ఆ ఎండు మాన్లు నిలబడే ఉన్నాయి. బోట్లకు దారులు గుర్తుపెట్టి ఉంటాయి, వాటిని దాటి వేగంగా పోకూడదు. టెక్సస్ రాష్ట్ర రికార్డు బాస్ ఇక్కడే పడింది, 1992 జనవరిలో, 18.18 పౌండ్లు. ఇక్కడి నిబంధన కూడా పెద్ద చేపను కాపాడేదే: 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ను తిరిగి వదిలేయాలి, 24 అంగుళాలు, ఆపైన ఉన్నది రోజుకు ఒక్కటే ఉంచుకోవచ్చు. అందుకే కొలబద్ద బోటులో చేతికందేట్టు పెట్టుకోండి.

మేం వెళ్లింది మార్చి మొదట్లో. నీళ్లు టీ రంగులో ఉన్నాయి, చేపలు గుడ్లు పెట్టే చోట్లకు ఒడ్డువైపు వస్తున్నాయి. గైడు మా పెట్టె తెరిచి చూసి, వెడల్పాటి ఫుట్‌బాల్ తలలన్నీ ఒక పక్కకు నెట్టేశాడు. "ఇవి ఇక్కడ కొమ్మల సందులో ఇరుక్కుంటాయి" అన్నాడు. ఆయన తీసింది అరౌన్సు ఆర్కీ తల. ఇది కాస్త చదునుగా ఉంటుంది, దారం కట్టే కన్ను తల పైభాగాన ఉంటుంది. మొద్దు మీదికి ఎక్కి దిగేటప్పుడు పక్కకు పడిపోకుండా గాలం మొనను పైకే ఉంచుతుంది. తుంగలో, మొద్దుల్లో, బోటు షెడ్ల కింద, అన్నిచోట్లా ఎంతోకొంత పనికొచ్చే తల ఇదొక్కటే. ఒకే రకం కొనగలిగితే ఇదే కొనమంటాను.

తర్వాత ఆయన చేసిన పని నేను దగ్గర్నుంచి చూశాను. జిగ్ మీది వీడ్ గార్డ్ పోచలను (గాలం మొనకు చెత్త తగలకుండా అడ్డుండేవి) కత్తెరతో ఏటవాలుగా కత్తిరించాడు, గాలం మొనకు ఒక్క వెంట్రుకవాసి పైన ఆగేట్టు. పోచలను విసనకర్రలా రెండు పక్కలకూ విప్పాడు. స్కర్ట్‌ను, అంటే తల చుట్టూ ఉన్న కుచ్చును, గాలం వంపు దాటి కొద్దిగా మాత్రమే ఉండేట్టు కోశాడు. ట్రైలర్ ముక్కును వేలి గోరంత కోసేసి, నడిమధ్యలో గుచ్చి, స్కర్ట్ పట్టీకి తగిలేదాకా జరిపాడు. పట్టీకీ ట్రైలర్‌కీ మధ్య సందుంటే రెండు చేపలకే అది జారి కిందికొస్తుందట. అన్నీ అయ్యాక బోటు పక్కనే నీళ్లలో వదిలి, అది ఎలా దిగుతోందో మాకు చూపించాడు. మొదట జూమ్ సూపర్ చంక్ అనే ట్రైలర్ పెట్టాడు: పొట్టిగా, మందంగా, కొక్కేల్లాంటి కాళ్లు పెద్దగా కదలకుండా నేరుగా దిగింది. తర్వాత అదే తలకు రేజ్ క్రా పెట్టాడు, అది క్రాఫిష్ (పెద్ద పంజాలున్న రొయ్యలాంటి జీవి) ఆకారంలో ఉంటుంది. దాని పంజాలు నీళ్లను కొట్టుకుంటూ దిగుతుంటే జిగ్ వేగం సగానికి తగ్గినట్టు కనిపించింది.

"బరువు అదే కదా, ఇంత తేడా ఏంటి?" అని బావ నన్నడిగాడు.

"ట్రైలర్ గొడుగులా పట్టేస్తోంది బావా. మీరు జిగ్ మార్చకుండానే వేగం మార్చుకోవచ్చు" అన్నాను.

ఇది చాలామంది పట్టించుకోని సంగతి. ట్రైలర్ అంటే రంగు, అందం అనుకుంటారు. నిజానికి అది జిగ్‌కు బ్రేకు. చేప మందకొడిగా ఉన్న చల్లటి నీళ్లలో, అంటే 55 డిగ్రీల ఫారన్‌హీట్ లోపు, చంక్ లాంటి కదలిక తక్కువ ట్రైలర్ మంచిది. నీళ్లు వెచ్చబడేకొద్దీ పంజాలు ఆడించే క్రా ట్రైలర్ వైపు పోవాలి. దట్టమైన కొమ్మల్లో దూర్చాల్సి వస్తే రెండూ కావు, చదునుగా ఉండే బీవర్ రకం. దానికి విడిగా వేలాడే పెద్ద పంజాలు లేవు కాబట్టి సందుల్లోంచి జారిపోతుంది. రంగు విషయంలో నేను పెద్దగా తల పగలగొట్టుకోను. కలక నీళ్లకు నలుపు నీలం, తేట నీళ్లకు గ్రీన్ పంప్‌కిన్, క్రాఫిష్ ఎక్కువున్నచోట గోధుమరంగులో కాస్త నారింజ ఉంటే చాలు. వసంతంలో ఫోర్క్‌లో ఎరుపు కూడా పనిచేస్తుంది.

ఫోర్క్ ఒడ్డున స్టేట్ పార్కు లేదు, బసలు ఎక్కువగా మెరీనాలూ (బోట్ల రేవులు) ప్రైవేటు కాటేజీలే. మేం దిగినచోట గది శుభ్రంగా ఉంది, కాఫీ తెల్లవారకముందే సిద్ధంగా ఉంది. కానీ బోటు కట్టేచోట కరెంటు ప్లగ్గు లేదు. ట్రోలింగ్ మోటారు (బోటును నెమ్మదిగా నడిపి, ఒకచోట నిలిపే కరెంటు మోటారు) బ్యాటరీలకు రాత్రంతా ఛార్జింగ్ పెట్టాలి కదా, గదిలోంచి పొడవాటి తీగ లాగితే దారికి అడ్డమని తీసేయమన్నారు. మర్నాడు మధ్యాహ్నానికే మోటారు నీరసపడింది. జిగ్ వేటలో ఇది చిన్న విషయం కాదు. మొద్దుకు ఎదురుగా బోటు కదలకుండా నిలబడితేనే ఆ రెండడుగుల సందులోకి జిగ్ వేయగలం. బుక్ చేసేముందు ఫోన్ చేసి, "డాక్ దగ్గర ప్లగ్గు ఉందా?" అని అడగండి. మంచం మెత్తగా ఉందా అన్నది ఆ తర్వాత సంగతి.

పిల్లలూ ఆడవాళ్లూ వెంట ఉంటే ఒక పూట ఏథెన్స్ ఊళ్లోని టెక్సస్ ఫ్రెష్‌వాటర్ ఫిషరీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి. ఫోర్క్ నుంచి గంట దూరం. పెద్ద పెద్ద అక్వేరియంలున్నాయి. 13 పౌండ్లు దాటిన బాస్‌లను తీసుకుని వాటి చేపపిల్లలను పెంచే షేర్‌లంకర్ కార్యక్రమం అక్కడి నుంచే నడుస్తుంది. అద్దం వెనక ఆ చేప నోరు తెరిచి ఎర పీల్చడం చూస్తే, కాటు ఎందుకు ఒక్కోసారి చేతికి తెలిసీ తెలియనట్టు ఉంటుందో అర్థమవుతుంది. అది కొరకదు, నీళ్లతో సహా లోపలికి లాక్కుంటుంది.

గంటర్స్‌విల్ వేరే లోకం. టెనెస్సీ నది మీద టీవీఏ (టెనెస్సీ వ్యాలీ అథారిటీ అనే ప్రభుత్వ సంస్థ) 1939లో పూర్తిచేసిన ఆనకట్ట, దాదాపు 69,000 ఎకరాల నీళ్లు. అక్టోబరులో వెళ్తే నీటి మీద పచ్చటి పరుపులు కనిపిస్తాయి. అవి మిల్‌ఫాయిల్, హైడ్రిల్లా అనే నాచు మొక్కలు. ఇక్కడ ఆర్కీ తల వేస్తే ప్రతిసారీ గుప్పెడు నాచు వెంట తెస్తుంది. కారణం దారం కట్టే కన్ను. అది తల పైన నిటారుగా ఉంటే, దారానికీ తలకీ మధ్య మూలలో నాచు చిక్కుకుంటుంది. అదే కన్ను ముక్కు కొసన, ముందుకు వాలి ఉంటే నాచు పోచ దారం మీంచి తల మీదికి, తల మీంచి వెనక్కి జారిపోతుంది. ఈదుతున్నట్టు లాగే స్విమ్ జిగ్‌లూ, నాచు కోసం చేసిన గ్రాస్ జిగ్‌లూ తూటా ముక్కుతో ఉండేది ఇందుకే. కొట్లో జిగ్ కొనేటప్పుడు రంగు కన్నా ముందు ఆ కన్ను ఎక్కడుందో వేలితో తడిమి చూడండి.

నాచు అంచు వెంబడి స్విమ్ జిగ్ నడపడానికి తెడ్డు తోక ఉన్న, చేపపిల్లలాంటి స్విమ్‌బెయిట్ ట్రైలర్ పెట్టాం. షాడ్ చేపపిల్లలు గుంపులుగా తిరుగుతున్నచోట తెలుపు, బ్లూగిల్ అనే చిన్న చేపలున్నచోట పచ్చటి రంగు. పరుపుల్లోకి నేరుగా దింపాలంటే మాత్రం ముప్పావు ఔన్సు, ఔన్సు బరువు, లావుపాటి గాలం, 50 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన) దారం కావాలి. మామూలు ఫ్లోరోకార్బన్ దారంతో ఆ పచ్చటి గుట్టలోంచి చేపను లాగడం కష్టం. ఇక్కడ లార్జ్‌మౌత్, స్మాల్‌మౌత్ అనే రెండు రకాల బాస్‌కూ 15 అంగుళాల కనీస కొలత ఉంది.

బస మాత్రం మూడింటిలోకీ ఇక్కడే నచ్చింది. లేక్ గంటర్స్‌విల్ స్టేట్ పార్కులో కొండ మీద లాడ్జి ఉంది, కింద సరస్సు పక్కన క్యాంపు స్థలాలున్నాయి. కుటుంబంతో వెళ్తే లాడ్జి. బాల్కనీలోంచి సరస్సంతా కనిపిస్తుంది, వేటకు రానివాళ్లు కూడా సంతోషంగా ఉంటారు. వేటే పని అయితే కిందే దిగండి, తెల్లవారుజామున కొండ దిగే పని తప్పుతుంది. గైడు విషయంలో మాత్రం నాకు అసంతృప్తి ఉంది. జిగ్ నేర్చుకోవాలని ముందే చెప్పి బుక్ చేశాం. ఆయన మాత్రం రోజంతా ఫ్రాగ్ (కప్ప బొమ్మ) ఎరలే వేయించాడు. చేపలు పడ్డాయి, కాదనను. కానీ మేం డబ్బిచ్చింది చేపకు కాదు, చదువుకు. నా సలహా: గైడుతో మాట్లాడేటప్పుడు "ఆ రోజు జిగ్ పనిచేయకపోయినా రెండు గంటలు దానితోనే పట్టిస్తారా?" అని సూటిగా అడగండి. తటపటాయిస్తే ఇంకొకరిని చూసుకోండి.

టేబుల్ రాక్‌కు నవంబరు చివర్లో వెళ్లాం. ఓజార్క్ కొండల మధ్య వైట్ నది మీద 1958లో పూర్తయిన ఆనకట్ట, 43,000 ఎకరాలు, అద్దంలాంటి నీళ్లు. లార్జ్‌మౌత్, స్మాల్‌మౌత్, స్పాటెడ్ మూడు రకాల బాస్ నీళ్లలోకి పొడుచుకొచ్చిన ఒకే రాతి మొన మీద పడతాయి. కనీస కొలత మూడింటికీ 15 అంగుళాలు. ఫోర్క్‌లో గైడు పక్కన పెట్టిన ఫుట్‌బాల్ తలలు బయటికొచ్చింది ఇక్కడే.

ఫుట్‌బాల్ తల అడ్డంగా వెడల్పుగా ఉంటుంది కాబట్టి కంకర సందుల్లో దిగబడకుండా రాళ్ల మీద దొర్లుతుంది. లాగితే ముందుకు ఒరుగుతుంది, ట్రైలర్ తోక పైకి లేస్తుంది. ఆపితే వెనక్కి కూర్చుంటుంది. దగ్గర్లో ఉన్న బాస్‌కు అది పంజాలెత్తి ఎదిరించే క్రాఫిష్‌లా కనిపిస్తుంది. ఇరవై పాతిక అడుగుల లోతులో ముప్పావు ఔన్సు తల వేసి, గాలపు కర్రను పక్కకు నెమ్మదిగా లాగుతుంటే కింద ఏముందో చేతికి తెలిసిపోతుంది. టకటకమంటే కంకర, గరగరమంటే ఇసుక, ఏమీ అనకుండా బరువెక్కితే బురద. బావ కళ్లు మూసుకుని లాగుతూ, "ఇదిగో కంకర అయిపోయింది, పెద్ద బండ వచ్చింది" అనేవాడు. ఆ బండ దగ్గరే చేప ఉండేది. టంగ్‌స్టన్ తల అయితే ఈ కబురు ఇంకా స్పష్టంగా అందుతుంది. సీసం కన్నా సాంద్రత చాలా ఎక్కువ కాబట్టి అదే బరువుకు తల చిన్నది, గట్టిది. ఖరీదే ఎక్కువ. లోతు నీళ్లకు మాత్రమే అది కొని, మొద్దుల్లో తెగిపోయే చోట్ల సీసమే వాడతాను.

ట్రైలర్‌గా ఇక్కడ రెండు తోకల హులా గ్రబ్, చంక్ మార్చి మార్చి పెట్టాం. ఎండెక్కి గాలి ఆగిపోయినప్పుడు ఏదీ పనిచేయలేదు. అప్పుడు చిన్న ఫినెస్ జిగ్‌కు మారాం. దాని తల గోళీ గుండులా ఉంటుంది, స్కర్ట్ పొట్టిగా కత్తిరించి ఉంటుంది, బరువు ఔన్సులో పదహారో వంతులు అయిదు. దానికి ఎలాజ్‌టెక్ అనే తేలే ప్లాస్టిక్‌తో చేసిన చిన్న క్రా తగిలిస్తే, జిగ్ నేల మీద ఆగినా పంజాలు పైకి లేచి ఉంటాయి. తేట నీళ్లలో, చల్లటి రోజున దానంతటి ట్రైలర్ లేదు. ఒక్క జాగ్రత్త: దాన్ని మామూలు ప్లాస్టిక్ ట్రైలర్లతో ఒకే డబ్బాలో పెడితే రెండూ కరిగి ముద్దయిపోతాయి. కొన్న కవరులోనే ఉంచండి.

టేబుల్ రాక్ చుట్టూ బసలకు కొదవ లేదు. దగ్గర్లోని బ్రాన్సన్ ఊరి హోటళ్లు నాటక ప్రదర్శనలు చూసేవాళ్లకు బాగుంటాయి, వేటగాళ్లకు రోజూ ట్రక్కు వెనక బోటు బండిని లాక్కుని రావడం శ్రమ. కింబర్లింగ్ సిటీ వైపు ఒడ్డున చిన్న చిన్న పాత రిసార్టులున్నాయి. మేం దిగినదానిలో గది మరీ సాదా, గోడలు పలచన, కానీ తేలే డాక్, ప్రతి బోటుకూ ప్లగ్గు, యజమానురాలి నోట ఆ వారం ఏ మొన మీద ఎంత లోతులో చేపలున్నాయన్న కబురూ దొరికాయి. నాకు అంతకన్నా అక్కర్లేదు. గంట ప్రయాణంలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఉంది. వేట సామాన్లు అమ్మే బాస్ ప్రో షాప్స్ పుట్టిన ఊరు అదే, అక్కడి పెద్ద దుకాణంలో ఓజార్క్ రకం ఫినెస్ జిగ్‌లు గోడంతా ఉంటాయి.

బోటు అద్దెల గురించి ఒక మాట. మెరీనాలు ఎక్కువగా ఇచ్చేది పాంటూన్లు, అంటే చదునైన వేదికలాంటి బోట్లు. కుటుంబంతో తిరగడానికి బాగుంటాయి గానీ, చాలావాటికి ట్రోలింగ్ మోటారు ఉండదు, గాలికి కొట్టుకుపోతాయి. ఫోర్క్ మొద్దుల్లో దానితో జిగ్ వేటకు వెళ్లొద్దు. టేబుల్ రాక్‌లో అయితే గాలి మెల్లగా ఉన్న రోజున, పొడవాటి కంకర మొన మీదుగా పాంటూన్‌ను కొట్టుకుపోనిచ్చి ఫుట్‌బాల్ తలను వెనక ఈడ్చవచ్చు, మేం అలా పట్టాం కూడా. సొంత బోటు లేనివాళ్లకు నేను చెప్పేది: మొదటి రోజు సగం పూట గైడు, పొద్దుపొడవకముందే మొదలు. రెండో రోజు మోటారున్న చిన్న అల్యూమినియం బోటు అద్దెకు తీసుకుని, నిన్న నేర్చుకున్నది మీ అంతట మీరు చేయండి.

లైసెన్సు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే, ఆన్‌లైన్లో దొరుకుతుంది. టెక్సస్‌లో 17 ఏళ్లు నిండినవాళ్లకూ, బయటినుంచి వెళ్తే అలబామాలో, మిస్సోరీలో 16 నిండినవాళ్లకూ తప్పనిసరి. గంటర్స్‌విల్ లాడ్జి అక్టోబరు శనాదివారాలకు కావాలంటే చాలా ముందే బుక్ చేయాలి. టేబుల్ రాక్ ఒడ్డు రిసార్టుల్లో నవంబరుకి అంత తొందర లేదు, కానీ కొన్ని చలికాలం మూసేస్తారు, కనుక్కుని బయల్దేరండి.