మెష్ నెబ్యులైజర్: రెండు చలికాలాల తర్వాత ఆ జల్లెడ మీద నా కోపం

బరువెంత, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, డబ్బాలో ఎన్ని మాస్కులు ఇస్తారు లాంటివి అట్టపెట్టె మీదే రాసి ఉంటాయి. వాటి జోలికి పోను. మందును తుంపరగా మార్చి పీల్చుకోనిచ్చే నెబ్యులైజర్, అందులోనూ అరచేతిలో పట్టేది, కొనాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒక్క భాగం గురించే. మందు పోసే కప్పుకు ముందువైపు బొట్టుబిళ్లంత లోహపు పలక ఒకటి ఉంటుంది, దాన్నే మెష్ అంటారు, అంటే జల్లెడ. దానికి కంటికి కనపడని రంధ్రాలు వేలల్లో ఉంటాయి, ఒక్కోటి కొన్ని మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). స్విచ్ నొక్కగానే ఆ పలక సెకనుకు లక్షసార్లకు పైగా అదురుతుంది, మందు ఆ రంధ్రాల్లోంచి సన్నటి తుంపరై బయటికొస్తుంది. వేడి చేయడం ఏమీ ఉండదు కాబట్టి అది ఆవిరి కాదు. 5 మైక్రాన్ల లోపు తుంపరైతేనే ఊపిరితిత్తుల్లో లోపలి గొట్టాల దాకా పోతుంది, అంతకంటే పెద్దది చాలావరకు గొంతులోనే ఆగిపోతుంది. అంటే మిషన్ మొత్తం ఆ బిళ్లే, మిగతాదంతా ప్లాస్టిక్కు, బ్యాటరీ. అమ్మేవాళ్లు మాత్రం ప్లాస్టిక్కు గురించీ బ్యాటరీ గురించే చెబుతారు.

నాది నల్లగొండ జిల్లా మిర్యాలగూడ. రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. వడ్లు దిగే సీజన్ మొదలైందంటే ఊక దుమ్ము, బాయిలర్ బూడిద గాల్లోనే ఉంటాయి. అప్పటికి చలి కూడా మొదలవుతుంది. చిన్నప్పటి నుంచీ దమ్ము, అంటే ఆస్తమా, ఉన్నవాడికి ఇది ఏమంత మంచి ఉద్యోగం కాదు, కానీ ఉన్నది ఇదే. ఇంట్లో మా నాయినకు కూడా ఆయాసమే. ఆయనది సీఓపీడీ, ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలపు జబ్బు. ఏళ్ల తరబడి మిల్లుల్లో బస్తాలు మోసిన మనిషి. ఆయన కోసం తెచ్చిన పాత కంప్రెసర్ నెబ్యులైజర్ ఉంది, మోటారుతో గాలి కొట్టి మందును తుంపర చేసే రకం. దాని శబ్దానికి పక్కింటివాళ్లకు కూడా తెలుస్తుంది ఈయనకు దమ్ము లేచిందని. దాన్ని సంచిలో వేసుకుని ఎక్కడికీ పోలేం, ప్లగ్గు లేనిచోట అది పనికిరాదు. అందుకే చేతిలో పట్టే మెష్ మిషన్ కొన్నాను. అప్పట్లో మూడు వేల పైచిలుకు పడింది.

మొదటి చలికాలమంతా అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ దాని గురించి పొగుడుతూనే తిరిగాను. శబ్దం లేదు. రాత్రి రెండింటికి దమ్ము లేస్తే పక్కన పడుకున్న పిల్లలకు తెలియకుండా మందు పట్టేసుకుని మళ్లీ పడుకోవచ్చు. ఫోన్ ఛార్జర్‌తోనే ఛార్జింగ్ ఎక్కుతుంది, లేదంటే పవర్ బ్యాంకు ఉండనే ఉంది. రెండున్నర మిల్లీలీటర్ల రెస్పూల్ (ఒక్కసారికి సరిపడే మందు ఉండే చిన్న ప్లాస్టిక్ బుడ్డి) పది నిమిషాల్లో ఖాళీ అయ్యేది, కప్పులో మిగిలిపోయే మందు కూడా చాలా తక్కువ. పాత కంప్రెసర్ కప్పులో ఎప్పుడూ అడుగున కొంత మిగిలేది, దాన్ని పారబోయాల్సి వచ్చేది. హైదరాబాద్ పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని కూడా పట్టుకున్నాను. ఒకసారి వెనక సీటు పెద్దాయన భుజం తట్టి, “ఏం తమ్మీ, బస్సుల గూడ సిగరెట్టేనా?” అన్నాడు. నోట్లోంచి తెల్లగా పొగలా వస్తుంటే ఆయన్ని అనడానికేముంది. ఈ-సిగరెట్లను 2019లోనే కేంద్రం చట్టం చేసి నిషేధించింది, ఇది మందు మిషన్ అని చెప్పి రెస్పూల్ చూపించాల్సి వచ్చింది. అప్పటి నుంచి బస్సులో, నోట్లో పెట్టుకునే మౌత్‌పీస్ పక్కన పెట్టి మాస్కే వాడుతున్నా. మాస్కు చూస్తే రోగి అనుకుంటారు, మౌత్‌పీస్ చూస్తే షోకు అనుకుంటారు.

శబ్దం లేకపోవడాన్ని ఇప్పుడు అంతగా పొగడను. నాయినకు ఒకసారి ఈ మిషన్ చేతికిచ్చాను. కాసేపు ముక్కు దగ్గర పెట్టుకుని, “గిది పనిచేస్తుందంటవా బిడ్డా? సప్పుడే లేదు గద,” అన్నాడు. నేను నవ్వాను. కానీ ఆయన అన్నదాంట్లో విషయం ఉంది. కంప్రెసర్ పాడైతే దాని మోత మారుతుంది, పక్క గదిలో ఉన్నా తెలుస్తుంది. ఇది పాడైతే ఏమీ తెలియదు. పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది, మందు మాత్రం సగమే వస్తుంటుంది. దమ్ముతో ఉన్న మనిషి మాస్కు లోపల తుంపర ఎంత వస్తుందో ఎక్కడ చూస్తాడు?

పోయిన చలికాలం మర్రిగూడ దగ్గర మా చిన్నమ్మ వాళ్ల ఊళ్లో పెళ్లి. పందిట్లో కట్టెల పొయ్యిల పొగ, పైన మంచు. రాత్రి ముందుజాగ్రత్తగా ఒక రెస్పూల్ పట్టుకుని మిషన్‌ను అరుగు మీద పెట్టాను. పొద్దున లేచేసరికి చిన్నమ్మ దాన్ని విప్పి కడిగి ప్రహరీ గోడ మీద ఎండబెట్టింది. “మస్తు జిడ్డుగున్నది బిడ్డా, మంచిగ కడిగి ఎండల పెట్టిన,” అంది. ప్రేమతో చేసింది, ఏమంటాం. ఆ ఇంట్లో తాగడానికి భగీరథ పథకం నీళ్లు వస్తాయి, అంట్లకూ బట్టలకూ మాత్రం బోరు నీళ్లే. ఆ నీళ్లు ఆరితే స్టీలు గిన్నె మీద కూడా తెల్లటి పొర మిగులుతుంది. మర్రిగూడ నీళ్లు అనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. పటికా సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని ఇంజినీర్లు నల్లగొండ టెక్నిక్ అనే పిలుస్తారు, మన జిల్లాకు వచ్చిన పేరు అలాంటిది. కానీ నా మిషన్‌ను చంపింది ఫ్లోరైడ్ కాదు. నీళ్లు ఆరిపోయాక మిగిలే సున్నం, ఉప్పులు. గిన్నె మీద పొర కనపడుతుంది, రుద్దితే పోతుంది. మూడు నాలుగు మైక్రాన్ల రంధ్రంలో పేరుకుంటే కనపడదు, రుద్దడానికీ లేదు. మెష్‌ను వేలితో గానీ దూదితో గానీ ముట్టుకోవద్దని మిషన్‌తో వచ్చిన కాగితంలోనే ఉంటుంది.

ఆ రాత్రి అప్పగింతల వేళకు దమ్ము లేచింది. రెస్పూల్ విరిచి పోసి స్విచ్ వేశాను. లైటు వెలిగింది, తుంపర రాలేదు. వంచి చూశాను, ఊపి చూశాను, ఆపి మళ్లీ వేశాను. కప్పు అంచున ఒక చుక్క ఊరి జారింది, అంతే. ఈలోపు ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. సంచిలో ఇన్‌హేలర్, దానికి తగిలించే గొట్టం లాంటి స్పేసర్ ఉన్నాయి కాబట్టి సరిపోయింది. పఫ్ కొట్టి ఊపిరి పీల్చి, కాస్త ఆగి మళ్లీ ఇంకో పఫ్. మెల్లగా దారికొచ్చింది. మూడు వేల మిషన్ చేతిలో పెట్టుకుని కొన్ని వందల ఇన్‌హేలర్‌తో బతికి బయటపడ్డాను.

మర్నాడు కాగితం తెరిచి చదివితే పలచటి వెనిగర్‌లో నానబెట్టమని ఉంది. ఒక వంతు వెనిగర్, మూడు వంతులు డిస్టిల్డ్ వాటర్. పెళ్లింట్లో వెనిగర్ ఎక్కడిది? దగ్గర్లోని చండూరులో నూడుల్స్ బండి పిల్లవాణ్ణి బతిమాలి ఒక చిన్న సీసాలో పోయించుకున్నాను. మందుల షాపులో ఇంజెక్షన్లలో కలిపే స్టెరైల్ వాటర్ ఆంపుల్స్ (చిన్న బుడ్లు) దొరికాయి, చవకే. నానబెట్టి, మంచినీళ్లు కాదు ఆ ఆంపుల్ నీళ్లే పోసి కాసేపు నడిపి, గాలికి ఆరబెట్టాను. తుంపర వచ్చింది. అప్పటి నా సంతోషం చూసి చిన్నమ్మ కూడా ఊపిరి పీల్చుకుంది. ఇంటికొచ్చి గడియారం పెట్టుకుని చూస్తే అదే రెస్పూల్ ఇరవై నిమిషాలు దాటినా అవ్వలేదు. మెష్ సగం బతికిందంతే.

బోరు నీళ్లతో కథ ముగియలేదు. చెకప్‌కు పోయినప్పుడు ఛాతీ డాక్టరుకు చెబితే ఆయన అడిగిన మొదటి మాట, “బుడెసొనైడ్ కూడా ఇందులోనే పోస్తున్నావా?” అవును, పోస్తున్నాను. దమ్ము తగ్గడానికి పట్టే లెవోసాల్బుటమాల్, ఇప్రాట్రోపియం కలిపిన రెస్పూల్ నీళ్లలా పూర్తిగా కరిగిన మందు, జల్లెడకు బాధ లేదు. బుడెసొనైడ్ స్టెరాయిడ్ రెస్పూల్ అలా కాదు. కాస్త ఊపి పోస్తే తెల్లగా మసకగా ఉంటుంది, సన్నటి పొడి నీళ్లలో తేలుతుంటుందన్నమాట. అది మెష్ రంధ్రాల్లో ఇరుక్కునే అవకాశం ఎక్కువ. కొన్ని మోడళ్లలో ఇది పోయొచ్చు, ప్రతిసారీ వెంటనే శుభ్రం చేయాలంటారు. కొన్నింటిలో పోయొద్దంటారు. నా మిషన్ కాగితంలో దాని ఊసే లేదు. అమ్మిన కుర్రాణ్ణి కొనేటప్పుడే అడిగాను, “అన్నా, అన్ని మందులూ నడుస్తయి,” అన్నాడు. బుడెసొనైడ్ వాడేవాళ్లు ఈ ఒక్క ప్రశ్నకు కంపెనీ నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోకుండా కొనకండి. పాత కంప్రెసర్‌కు ఈ పేచీ లేదు, రెండు మందులూ పట్టేస్తుంది.

ఇక నా అసలు కడుపుమంట. మెష్ అరిగిపోయే వస్తువు, టైరు లాగానే మార్చుకోవాలి. మరి మార్చుకోవడానికి దొరకాలి కదా. కంపెనీకి ఫోన్ చేస్తే మెష్ ఒక్కటే ఇవ్వరు, కప్పుతో కలిపే కొనాలన్నారు. కప్పు ధర మిషన్ ధరలో దాదాపు మూడో వంతు. మిర్యాలగూడలో లేదు, నల్లగొండలో లేదు, హైదరాబాద్ నుంచి తెప్పిస్తామన్నారు. తెప్పించేసరికి చలికాలం సగం అయిపోయింది. మాలాగా ఇంట్లో ఇద్దరు ఉండి, ఒకే మిషన్ చాలనుకునేవాళ్లు కూడా లెక్క వేసుకోవాలి. ఒకరి మౌత్‌పీస్, కప్పు ఇంకొకరు వాడకూడదు. మెష్ ఉండేది కప్పులోనే కాబట్టి రెండో మనిషికి రెండో కప్పు కొనాల్సిందే.

కొత్త కప్పు వచ్చాక నా పద్ధతి మారింది. స్టెరాయిడ్ ఇంట్లో కంప్రెసర్‌లోనే పట్టుకుంటున్నాను, మెష్‌లో దమ్ము మందు ఒక్కటే. అయిపోగానే ఆంపుల్ నీళ్లు పోసి నడిపి ఆరబెడతాను. రెస్పూల్ ఖాళీ కావడానికి పట్టే సమయం అప్పుడప్పుడు చూసుకుంటాను, అది పెరిగితే మెష్ మూసుకుపోతున్నట్టే. మందు లేకుండా తుంపర కావాలంటే 0.9 శాతం సెలైన్ మాత్రమే పోస్తాను, ఉత్త నీళ్లు పీలిస్తే దమ్ము ఉన్నవాళ్లకు గొట్టాలు ఇంకా బిగుసుకుంటాయి. ఇందులో పసుపు నీళ్లు, తులసి కషాయం, నీలగిరి తైలం పోయొచ్చా అని మా మిల్లులోనే చాలామంది అడిగారు. వద్దు. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే కొత్త జబ్బు తెచ్చుకున్నట్టే.

ఇంకో సంగతి, పడుకుని వాడేవాళ్లకు ఇది పెద్దగా పనికిరాదు. మందు మెష్‌కు తగులుతూ ఉంటేనే తుంపర వస్తుంది. నాది కాస్త ఎక్కువ వంచితే ఆగిపోతుంది. ఏ కోణంలోనైనా పనిచేస్తాయని చెప్పే మోడళ్లు ఉన్నాయి, మంచం పట్టిన ముసలివాళ్ల కోసమైతే అవే చూడండి.

మళ్లీ కొంటానా అంటే, నాలాగా బస్సుల్లో తిరిగేవాడు, రాత్రిళ్లు దమ్ము లేచేవాడు, బుడెసొనైడ్ దీంట్లో పోయనివాడు అయితే కొంటాను. అది కూడా కప్పులు ఎక్కడ దొరుకుతాయో తెలిసిన కంపెనీదే, మిషన్‌తో పాటే ఇంకో కప్పు తీసుకుంటాను. ఇంట్లోనే ఉండేవాళ్లకు కంప్రెసర్ చాలు, మోత భరించగలిగితే. అసలు డాక్టరు మాట ప్రకారం మామూలు దమ్ముకు ఇన్‌హేలర్‌ను స్పేసర్‌తో సరిగ్గా వాడితే నెబ్యులైజర్ చేసే పనే చేస్తుంది. నాకు దమ్ము ఎక్కువైనప్పుడు పఫ్ నెమ్మదిగా, లోతుగా లాగడం కుదరదు, మాస్కు పెట్టుకుని ఊరికే కూర్చోవడమే తేలిక, అందుకే మిషన్ వదల్లేకపోతున్నాను. నాయిన మాత్రం కంప్రెసర్ దగ్గర్నుంచి కదలడు. దాని గాలి ఫిల్టర్ నల్లబడింది, ఈ వారం మార్చాలి.