శ్రీకాకుళంలో సింగిల్ బెడ్రూమ్ పోర్షన్: ఇల్లు వదిలి వచ్చేంత జీతం మనకుందా?

నేనుంటున్న అద్దె పోర్షన్ గురించి ఈ రివ్యూ. పి.ఎన్. కాలనీ వైపు, మేడ మీద, ఒక బెడ్రూమ్, వంటిల్లు, బాత్రూమ్, ముందు చిన్న వరండా. అద్దె 5,500, అడ్వాన్స్ రెండు నెలలది. ఓనర్ల పేరు, ఇంటి నంబరు పెట్టట్లేదు, పెద్దవాళ్ళు, వాళ్ళకి ఫోన్ల మీద ఫోన్లు వెళ్ళడం నాకిష్టం లేదు. మాది నరసన్నపేట పక్క ఊరు, ఉద్యోగం పైడిభీమవరంలో ఒక ఫార్మా కంపెనీలో, మందుల నాణ్యత పరీక్షించే క్యూసీ విభాగంలో. అమ్మానాన్నల దగ్గరే ఉండిపోవాలా, బయటికి రావాలా అని లెక్కలేసుకునే కుర్రాళ్ళు మన వైపు చాలామంది ఉన్నారు, వాళ్ళకి పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నా.

నన్ను ఇల్లు కదిలించింది బి షిఫ్టు. రాత్రి పదికి డ్యూటీ దిగితే కంపెనీ బస్సు శ్రీకాకుళంలో దింపేసరికి పదకొండు అవుతుంది, అక్కడ్నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వచ్చి టెక్కలి వైపు వెళ్ళే బస్సు ఏదొస్తే అది ఎక్కి, నరసన్నపేటలో దిగి, అక్కడ పెట్టిన బండి తీసుకుని ఊళ్ళోకి వెళ్ళాలి. అమ్మ అప్పటిదాకా అన్నం తినకుండా కూర్చునేది, తినీసి పడుకోమ్మా అంటే వినేది కాదు. నాన్నని అడిగితే "సొంతిల్లు ఉండగా అద్దె కట్టడం ఏటిరా" అన్నారు. ఆ మాట కొట్టిపారేయలేం, ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అద్దె, బియ్యం, పాలు ఏవీ మన జేబులోంచి పోవు.

అద్దె ఎంత అన్నది నా లెక్కలో రెండో ప్రశ్న. మొదటిది, ఇంటికి ఇచ్చే డబ్బు ఒక్క రూపాయి తగ్గకుండా బయట బతకగలమా అన్నది. నాకు చేతికొచ్చేది 24,000, అందులో 7,000 అమ్మకిస్తాను, చెల్లి చదువు దాని మీదే నడుస్తోంది, నాన్న పెట్టుబడికి చెయ్యి చాచకుండా ఉంటున్నది కూడా దానివల్లే. కాబట్టి నా జీతం 17,000 అనే అనుకున్నాను. ఇంట్లో ఉంటూనే కొన్ని నెలలు, అద్దెకీ తిండికీ ఎంతవుతుందో అంత జీతం పడిన రోజే వేరే అకౌంట్లోకి తోసేసి మిగతాదాంతో గడిపి చూశాను. గడిచింది. ఆ పోగైన డబ్బే తర్వాత అడ్వాన్స్ 11,000కి, పరుపు, స్టవ్, గిన్నెలు, బకెట్లకి పనికొచ్చింది, మొదటి నెల అద్దె కూడా కలిపితే ఇంచుమించు ఒక నెల జీతం మొత్తం అయిపోయింది. ఇది చేతిలో లేకుండా ఎవరూ దిగొద్దు.

హాస్టల్ కూడా చూశాను. డబ్బుల వరకు చూస్తే ముగ్గురు షేరింగ్ హాస్టలే చవక, భోజనం అందులోనే వచ్చేస్తుంది, డే డ్యూటీ వాళ్ళకి అదే చెప్తాను. నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునేవాడికి మాత్రం రూమ్మేట్ల మధ్య నిద్ర కుదరదు.

ఇక ఈ పోర్షన్‌కి నేను ఎక్కువ మార్కులు వేసేది కరెంటు మీటరుకి. చాలా ఇళ్ళల్లో ఓనరు మీటరు ఒకటే ఉంటుంది, మనకి సబ్ మీటరు పెట్టి యూనిట్‌కి 9 అనో 10 అనో తీసుకుంటారు. ఇక్కడ విడి మీటరు. దీనివల్ల ఎంత తేడా వస్తుందో చాలామంది చూసుకోరు. మన బిల్లులో మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, అది దాటితే 9.75. నేను ఇండక్షన్ స్టవ్ కూడా వాడతాను, నెలకి 90 యూనిట్లు కాలితే యూనిట్ల ఛార్జీ 260 లోపే, ఫిక్స్‌డ్ ఛార్జీ, సర్దుబాటు ఛార్జీలు దానిపైన కొంత పడతాయి. అదే సబ్ మీటర్లో 9 చొప్పున 810. ఓనర్లని తప్పుపట్టలేం కూడా, రెండు కుటుంబాలు ఒకే మీటరు మీద ఉంటే యూనిట్లు పై రేట్లలోకి వెళ్ళిపోయి వాళ్ళకీ ఎక్కువే పడుతుంది.

మైనస్ ఏంటంటే వేడి. పైన ఇంకో అంతస్తు లేదు, ఏప్రిల్ నుంచి మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి శ్లాబు మీద చెయ్యి పెట్టలేం, ఫ్యాను తిరిగితే వేడి గాలే వస్తుంది, గోడ వైపు పడుకుంటే వీపు కాలుతుంది, నైట్ చేసొచ్చిన మనిషి రెండింటికే లేచి కూర్చుంటాడు. కూలర్ కొనక తప్పలేదు, యూనిట్లు 135 దాకా వెళ్ళాయి, ఛార్జీ 477. సబ్ మీటరైతే 1,215 కట్టేవాణ్ణి. పగలు పడుకునేవాళ్ళు కింద పోర్షన్ దొరికితే ఐదొందలు ఎక్కువైనా అదే తీసుకోండి.

గ్యాస్ కనెక్షన్ లేకపోతే కంగారు పడక్కర్లేదు, 5 కిలోల చిన్న సిలిండర్ అడ్రస్ ప్రూఫ్ లేకుండా ఐడీ కార్డు చూపిస్తే ఇస్తారు, కిలో లెక్కన చూస్తే పెద్ద సిలిండర్ కంటే ఖరీదే కానీ ఒక్కడికి చాలారోజులు వస్తుంది. బియ్యం, ఆవకాయ ఇంటి నుంచే తెచ్చుకుంటాను. అన్నీ పోగా నాలుగు వేల పైన మిగులుతోంది, అందులో రెండు వేలు చీటీ.

ఓనర్ ఆంటీ గురించి చెప్పకపోతే అన్యాయం. చేరిన మొదట్లోనే పైకొచ్చి "బాబూ, మోటారు పొద్దున్న ఆరుకి ఓసారి, సాయంత్రం ఓసారి ఏస్తాం, నువ్వు నైట్ చేసీసి వచ్చినప్పుడు మా డ్రమ్ములోంచి పట్టీసుకో, మొహమాటపడకు" అన్నారు. నీళ్ళకి నెలకి 200, తాగడానికి మాత్రం టిన్ను తెప్పించుకుంటాను. రథసప్తమికి మా పెద్దమ్మ వాళ్ళందరూ అరసవల్లి దర్శనానికి ముందురోజు రాత్రే వచ్చి నా గదిలోనే పడుకున్నారు, ఇంతమందేంటి అని ఒక్క మాట అనలేదు, పైగా కింద నుంచి చాపలు పంపించారు. అద్దె ఇళ్ళల్లో ఇలాంటివాళ్ళు దొరకడం కష్టం.

ఆడపిల్లల లెక్క వేరేగా ఉంటుంది. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వాళ్ళకి ఛార్జీ లేదు కదా, జనరల్ షిఫ్టు ఉద్యోగమై, సొంతూరు నరసన్నపేటో ఆమదాలవలసో అయితే డబ్బు కోసం గది తీసుకోవాల్సిన పనే లేదు, ప్రయాణంలో అలిసిపోతున్నామా లేదా అన్నదొక్కటే చూసుకోవాలి.

మొత్తానికి ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ ఒక్కటీ వేడికి తగ్గించాను. ఈ చుట్టుపక్కల టు-లెట్ బోర్డులు ఎప్పుడూ ఉంటాయి, చూడ్డానికి వెళ్తే మెట్లెక్కే ముందు కింద మీటరు బోర్డులో ఎన్ని మీటర్లున్నాయో లెక్కపెట్టండి, ఎండాకాలమైతే మధ్యాహ్నం పూటే వెళ్ళి గదిలో ఓ పావుగంట కూర్చోండి, అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు ఖాళీ చేస్తే పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారో కాగితం మీద రాయించుకోండి.