ర్యామ్ పోయిందా, స్లాట్ పోయిందా: కడపలో తేల్చి చెప్పే రిపేరు షాపు

కంప్యూటర్ పదే పదే బ్లూ స్క్రీన్ కొడుతుంటే కడపలో ఎక్కడ చూపించాలా అని వెతుకుతున్నవాళ్ల కోసం రాస్తున్నా. ఏడు రోడ్ల దగ్గర నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, సందులో మెట్ల కింద ఉండే చిన్న షాపు, బోర్డు కూడా సరిగ్గా కనపడదు.

నాది పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే పని. ఫోటోషాప్‌లో పేజీ సగంలో ఉండగా మెమరీ మేనేజ్‌మెంట్ అని ఎర్రర్ వచ్చి సిస్టమ్ రీస్టార్ట్ అయ్యేది. వారం బాగుంటుంది, మళ్లీ మొదలు. ఇంతకుముందు చూపించిన చోట రెండుసార్లు ఫార్మాట్ కొట్టారు, ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది పెట్టారు, మూడోసారి మదర్‌బోర్డే మార్చాలన్నారు. ఈలోపు సేవ్ చేసిన రెండు ఫైళ్లు పాడైపోయాయి, పెళ్లివాళ్ల ఫోన్లు ఒకటే మోత, రాత్రిళ్లు నిద్ర లేదు.

ఈ షాపు అన్న ఫార్మాట్ మాటే ఎత్తలేదు. ముందు బయాస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగ్స్‌లో, ర్యామ్‌ను ఎక్కువ స్పీడుతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆపాడు, ర్యామ్ స్పీడు 3200 నుంచి 2666కి దిగింది, అయినా ఎర్రర్ పోలేదు. అప్పుడు పెన్‌డ్రైవ్‌లోంచి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ అనే ప్రోగ్రామ్ పెట్టాడు. అది విండోస్‌తో పని లేకుండా నడుస్తుంది కాబట్టి తప్పు సాఫ్ట్‌వేర్‌దా అన్న అనుమానమే ఉండదు. ఉన్న రెండు 8 జీబీ ర్యామ్‌లలో ఒక్కొక్కటే పెట్టి చూశాడు. మొదటిది రాత్రంతా నడిచినా ఎర్రర్లు సున్నా. రెండోది అదే స్లాట్‌లో (మదర్‌బోర్డు మీద ర్యామ్ గుచ్చే గాడిలో) పెట్టిన ఇరవై నిమిషాలకే తెర మీద ఎర్రగీతలు ఒకదాని కింద ఒకటి దిగడం మొదలైంది. "ఒక్క గీత వచ్చినా ఆ ర్యామ్ నమ్మొద్దన్నా" అన్నాడు. అంతటితో వదల్లేదు, దాన్ని పక్క స్లాట్‌లోకి మార్చినా అదే తంతు, మంచిదాన్ని అక్కడ పెడితే ఏ గొడవా లేదు. అంటే స్లాట్లు బాగున్నాయి, మదర్‌బోర్డు మార్చే పనే లేదు!

కొత్తది అమ్మే అవకాశం ఉండి కూడా "వారంటీ ఉంటుంది, ముందు బిల్లు వెతుకు" అన్నాడు చూడండి, అక్కడే నాకు గురి కుదిరింది. మూడు వారాలకు మార్చిన ర్యామ్ వచ్చింది, దాన్నీ టెస్టు చేసే ఇచ్చాడు. మొత్తం 500 తీసుకున్నాడు.

కూర్చోడానికి చోటు లేదు, ఫోన్ ఎత్తడు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా షట్టర్ దించి ఉంటుంది. పొద్దున పదిన్నరకు వెళ్లండి, సీపీయూ ఒక రాత్రి అక్కడే వదిలేయాల్సి వస్తుంది.