కకలానా, తలనోవానా: టోంగా విశ్వవిద్యాలయంలో పరిశోధనకు ఏది మేలు?

పసిఫిక్ ద్వీప దేశం టోంగాలో 2023లో జాతీయ విశ్వవిద్యాలయం మొదలైంది. ఇక పరిశోధన పద్ధతిని ఒక్కో థీసిస్‌కు విడిగా వెతుక్కుంటే చాలదు, విభాగం మొత్తానికీ ఒకటి తేల్చుకోవాలి. అడిగేవాళ్ళంతా అడిగేది ఒకటే: పునాది కకలా (పరిశోధనను పూలదండ గుచ్చడంతో పోల్చే చట్రం) మీద వేయాలా, తలనోవా (మనసు విప్పి మాట్లాడుకోవడం) మీదా?

తలనోవాతో మొదలుపెట్టడం తేలిక. ప్రశ్నల కాగితం పక్కన పెట్టి, చాప మీద కూర్చుని, మాట ఎటు పోతే అటు పోనివ్వడం. తీమోతే వైయొలేతి 2006లో దీన్ని పరిశోధన పద్ధతిగా రాసి పెట్టాక పసిఫిక్ అంతటా పాకింది. విద్యార్థికి వారంలో అర్థమవుతుంది. చిక్కంతా తర్వాతే. రెండు గంటల మాటను టోంగన్‌లో రాసుకోవడానికి పన్నెండు నుంచి పదహారు గంటలు పెట్టుకోవాలి. గొంతు విరుపు గుర్తును (మాటలో గొంతు ఒక్క క్షణం ఆగుతుందని చూపే ' గుర్తు) వదిలేస్తే మాటే మారిపోతుంది: విరుపు లేని 'తౌ' యుద్ధం, విరుపుతో పలికితే సంవత్సరం. హడావిడిగా టైపు చేసే సహాయకుడు మొదట ఎగరగొట్టేది ఈ గుర్తునే. ముందే ఒక పేజీ స్పెల్లింగ్ నియమాలు రాసి చేతికివ్వాలి.

రెండో చిక్కు ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్నది. అన్నాచెల్లెళ్ళ మధ్య అక్కడ గట్టి కట్టుబాటు ఉంది. ఒంటి సంగతులు, ప్రేమ, పెళ్ళి వాళ్ళు ఒకే చోట ఉండగా ఎత్తకూడదు. మనకు మేనమామ పిల్లలంటే వేళాకోళం ఆడుకునే వరస. అక్కడ వాళ్ళూ తోబుట్టువుల కిందే లెక్క. చిన్న ఊళ్ళో ఆడామగా కలిపి పదిమందిని పిలిస్తే అందులో రెండో మూడో జంటలు ఈ వరసలోకి వస్తారు. ఇక గది బిగుసుకుపోతుంది. రికార్డింగులో నవ్వులు, పొడి పొడి జవాబులు తప్ప ఏమీ మిగలవు. మగవాళ్ళు కవా (వేరుతో చేసే పానీయం) తాగే గుంపు వేరు, ఆడవాళ్ళు తపా (చెట్టు బెరడు) బట్ట కొట్టే చోటు వేరు. రెండు చోట్లా విడివిడిగా మాట్లాడించాలి, పరిశోధకులూ ఇద్దరు ఉండాలి. జాబితా వేసేముందు ఊరి పెద్దావిడ ఒకరితో వరసలు సరిచూసుకుంటే సగం గొడవ తప్పుతుంది.

ఇక కకలా. కోనాయి హెలు థామన్ 1990లలో తీర్చిన రూపం ఇది. తోలి అంటే పూలు కోయడం, తుయి అంటే గుచ్చడం, లువా అంటే ఇచ్చేయడం. తర్వాతివాళ్ళు ముందు తెయు (సన్నాహం), చివర మాలియే (భేష్ అనిపించడం), మాఫనా (మనసు వెచ్చబడి కదలడం) చేర్చారు. దండ గుచ్చడం తెలుగువాళ్ళకు చెప్పాలా! అయితే టోంగాలో పూలకూ అంతస్తులున్నాయి. హేయిలాల అనే పువ్వు అన్నిటికన్నా పైన. దండ ఎవరికో తేలితేగానీ ఏ పూలు కోయాలో తేలదు. నా లెక్కలో ఈ ఒక్క సంగతే తూకం తేల్చేస్తుంది. తలనోవా 'ఎలా అడగాలి' దగ్గర ఆగిపోతుంది, కకలా మొదటి రోజే 'ఎవరికి ఇవ్వాలి' అని నిలదీస్తుంది.

దీన్ని బడ్జెట్లోకి దించకపోతే కకలా వట్టి అలంకారం. లువాకు మొత్తంలో పది నుంచి పదిహేను శాతం, కనీసం రెండు నెలలు విడిగా తీసిపెట్టాలి: టోంగన్‌లో పదిహేను పేజీల నివేదిక, హాఅపాయి, వవాఉ లాంటి దూరపు దీవులకు పడవ ఖర్చు, ఊరి హాల్లో చదివి వినిపించే రోజు భోజనాలు. ఈ భోజనాలకు రసీదులుండవు. ఆర్థిక విభాగంతో ముందే మాట్లాడి, సంతకాల జాబితానే ఆధారంగా ఒప్పించుకోవాలి. చివరికి వదిలేస్తే డబ్బు తక్కువైనప్పుడు మొదట కోత పడేది దీనికే. పత్రికలో వ్యాసం వేసి దాన్నే లువా అనడం మామూలైపోయింది. అది మెడలో వేసిన దండ కాదు, గోడకు తగిలించింది.

ఇంకో పొరపాటు, ఈ మాటల్ని అధ్యాయాల పేర్లుగా అతికించి లోపల పాత సర్వేనే నడపడం. పేర్లు తీసేసి చదివినా ప్రణాళికలో ఏమీ మారకపోతే అక్కడ కకలా లేనట్టే.

మాలియే, మాఫనాలను కొలిచే పట్టీ ఏదీ లేదు, కానీ గుర్తుపట్టొచ్చు. చదివాక జనం మధ్యలో అడ్డొచ్చి, "అలా కాదు, ఆ ఏడాది తుపానుకు ముందు" అని సరిచేశారా, పని తగిలినట్టు. మర్యాదగా 'మాలో' (ధన్యవాదాలు) చెప్పి లేచిపోతే తగలలేదు. ఆ దిద్దుబాట్లు రాసుకోవడానికి ఒక మనిషిని కూర్చోబెట్టాలి, నివేదిక ఆఖరి ప్రతి ఆ తర్వాతే.

కాబట్టి చట్రం కకలాది, అందులో తోలి దశకు పనిముట్టు తలనోవా. మూడు నెలల్లో ఒకే ఊళ్ళో ముగించే చిన్న పనికైతే తలనోవా ఒక్కటే చాలు. సమోవావాళ్ళ ఫాఅఫలేతుయి, ఫిజీ వనువా అనే పరిశోధన పద్ధతులు ఆయా చోట్లకు బాగుంటాయి, టోంగాకు అరువు అక్కర్లేదు. 'ఒకుసితినో మాహినా తా-వా (కాలం-స్థలం) సిద్ధాంతం లోతైనదే, కాకపోతే కళలు, చరిత్ర చేసేవాళ్ళకు పనికొచ్చినంత నర్సింగ్ విద్యార్థికి పనికిరాదు.