నీల్సన్ వెబ్ సూత్రాలు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

మోడెమ్ కీచుమంటూ లైను కలిపే రోజుల నుంచి హైదరాబాద్‌లో వెబ్‌సైట్లకు పేజీలు కట్టడం, వాటిలో రాతలు రాయడం నా పని. ఆ పనిలో నేను ఎక్కువగా వాడింది, వెబ్‌సైట్లు జనానికి వాడటానికి సులువుగా ఉన్నాయా అని పరిశోధించే జేకబ్ నీల్సన్ సూత్రాలు. డెన్మార్క్‌లో పుట్టి, అమెరికాలో సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేస్తూ 1995లో ఆయన మొదలుపెట్టిన శీర్షికలో అవి ఒక్కొక్కటిగా వచ్చాయి. పేజీ ఎలా కనపడాలన్న దాని మీద ఆయన చెప్పినవాటిలో చాలావాటికి కాలం చెల్లింది. ఎలా రాయాలన్న దాని మీద చెప్పినవి ఈరోజుకీ పనికొస్తున్నాయి, కాకపోతే తెలుగులో కొంచెం తిప్పి వాడుకోవాలి.

1996లో ఆయన వెబ్ డిజైన్‌లో పది తప్పులంటూ ఒక జాబితా ఇచ్చారు. ఫ్రేములు (ఒకే తెరను ముక్కలు చేసి వేర్వేరు పేజీలు చూపించడం), ఆగకుండా పరిగెత్తే అక్షరాలు, ఏ సైటువో చెప్పని పేజీలు, ఎంతకీ దిగని పేజీలు అందులో ఉన్నాయి. పది సెకన్లు దాటితే మనిషి ధ్యాస వేరే పని మీదకు పోతుందని ఆయన లెక్క. సెకనుకు 28.8 కిలోబిట్ల మోడెమ్‌తో, లైను సవ్యంగా ఉన్నా, పది సెకన్లలో దిగేది 36 కిలోబైట్లే. మన కాలేజీల వాళ్లకేమో గేటు ఫోటో, బిల్డింగ్ ఫోటో, చైర్మన్‌గారి ఫోటో, పైన పరిగెత్తే ‘సుస్వాగతం’, కింద విజిటర్ కౌంటర్ అన్నీ కావాలి. ఫీజు ఎంతో మాత్రం ఎక్కడా దొరకదు. ‘అమెరికాలో పరిశోధన చేసి చెప్పారండీ’ అంటే ఒక ఫోటో తగ్గించడానికి ఒప్పుకునేవారు. నిజం చెప్పాలంటే ఆ జాబితా నాకు ఎక్కువగా అక్కరకొచ్చింది ఇలాంటి బేరాల్లోనే.

ఫ్రేముల గోల ఎప్పుడో పోయింది. జనం స్క్రోల్ చెయ్యరన్న మాటను ఆయనే 1997 చివర్లో సడలించారు. ఇప్పుడు ఫోన్ మీద బొటనవేలు ఆగితే కదా! పేజీలో కదిలే బొమ్మలు చూపించే ఫ్లాష్ 99 శాతం చెడ్డదని 2000లో రాసినప్పుడు మరీ అతి అనిపించింది. 2020 డిసెంబర్ 31తో అడోబీ దానికి సపోర్ట్ ఆపేసింది. అయితే అది పోయింది ఆయన చెప్పినందుకు కాదు. ఐఫోన్ దాన్ని గడప తొక్కనివ్వలేదు, ఆ తర్వాత బ్రౌజర్లే ఆ పనులు నేర్చుకున్నాయి.

అసలు సరుకు 1997లో జాన్ మోర్కెస్‌తో కలిసి చేసిన పరిశోధనలో ఉంది. కొత్త పేజీ తెరిచినప్పుడు 79 శాతం మంది పైపైన కళ్లు పరిగెత్తించారు, మాట మాటా చదివినవాళ్లు 16 శాతమే. తర్వాత అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో చూడదగ్గ చోట్ల గురించి ఒకే సమాచారాన్ని రకరకాలుగా రాసి జనం చేత వాడించారు. గొప్పలతో నిండిన మామూలు ప్రచార రాత కంటే, మాటలు సగానికి కుదిస్తే వాడటంలో సౌలభ్యం 58 శాతం మెరుగుపడింది. జాబితాగా విడగొడితే 47 శాతం. గొప్పలు తీసేసి ఉన్నది ఉన్నట్టు రాస్తే 27 శాతం. మూడూ కలిపితే 124 శాతం.

నన్ను పట్టుకున్న అంకె ఆ 27. పొడవు తగ్గిస్తే చదవడం తేలికవుతుందని ఎవరైనా ఊహిస్తారు. పొగడ్త తీసేసినంత మాత్రాన కూడా తేలికవుతుందంటే, చదివేవాడు ఇందులో ఎంత నిజం, ఎంత డప్పు అని లోపల వడపోసుకుంటూ అలసిపోతున్నాడన్నమాట. ‘విశాలమైన తరగతి గదులు, అనుభవజ్ఞులైన అధ్యాపకులు, ప్రశాంత వాతావరణం’ అన్న వాక్యం ఏ కాలేజీ పేరు పెట్టినా అతుకుతుంది. దాని బదులు ‘సెక్షన్‌కు 60 మంది, హాస్టల్ ఉంది, బస్సు ఫలానా స్టాపుల్లో ఆగుతుంది’ అని రాసిస్తే, చప్పగా ఉందండీ అని వెనక్కి పంపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తల్లిదండ్రులకు కావలసింది ఆ చప్పటి సంగతే.

ఇక తెలుగు దగ్గరికొస్తే తేడా కొడుతుంది. పైపైన చూసే కన్ను వాక్యం మొదట్లోనే ఆగుతుంది. మనకేమో క్రియ చివర్లో వస్తుంది, కాదు, లేదు కూడా చివరే. ‘ఫీజు చెల్లించడానికి గడువు ఈ నెలాఖరు వరకు పొడిగించబడలేదు’ అని రాస్తే సగం మంది పొడిగించారనే అనుకుని వెళ్లిపోతారు. ‘ఫీజు గడువు: ఈ నెల 15. పెంపు లేదు’ అంటే గొడవుండదు. క్రియ లేకుండా వాక్యం నడవడం మన భాషకు ఉన్న వసతి, వెబ్‌లో దాన్ని ధారాళంగా వాడుకోవచ్చు. అలాగే ‘ఫలితాల కోసం ఇక్కడ క్లిక్ చేయండి’ బదులు ‘ఇంటర్ ఫలితాలు’ అన్నదే లింకు కావాలి.

అక్షరాల విషయంలో మాత్రం ఆయన దగ్గర మనకు దొరికేది తక్కువ. ముఖ్యమైన మాటల్ని బోల్డ్ చెయ్యమంటారు. చిన్న సైజులో బోల్డ్ చేస్తే మన వత్తులు పూడుకుపోతాయి. వరుసల మధ్య ఇంగ్లిష్‌కు సరిపోయే ఖాళీ మనకు చాలదు. రెండు అంచులూ సరిచేస్తే, మన మాటలు పొడుగు కాబట్టి మధ్యలో గుంతలు పడతాయి. ఆ రోజుల్లో అసలు బాధ వేరే: సైటుకొక ఫాంటు దించుకోవడం, లేకపోతే తెలుగు పేరా మొత్తం బొమ్మగా పెట్టడం. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాకే చాలామంది కంప్యూటర్లలో తెలుగు తెలుగులా కనపడింది. అక్షరాల దగ్గర ఈ లోటుకే ఆయన సూత్రాలకు ఐదులో ఒక మార్కు తగ్గించి నాలుగిస్తాను.

2000లో చెప్పిన ఐదుగురి పరీక్ష కూడా మంచిదే. ఐదుగురి చేత సైటు వాడిస్తే 85 శాతం దాకా ఇబ్బందులు బయటపడతాయంటారు. నేనైతే ఫీజు ఎక్కడుందో వెతకమని క్లయింటు చేతికే మౌస్ ఇస్తాను. మిగతా నలుగురి అవసరం తరచూ రాదు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు 1996 జాబితాను చరిత్రగా ఒకసారి చూస్తే చాలు. 1997 పరిశోధన చదివేటప్పుడు మాత్రం మీ సైటులో ‘మా గురించి’ పేజీ పక్కన తెరిచి పెట్టుకోండి.